జర్మనీ కారుకి బీపీ చూసిన సంగతి

సూపర్‌ఛార్జర్ ఉన్న కారు నా ఉద్యోగ జీవితంలో ఒక్కటే వచ్చింది. దాన్ని పాడుచేసింది ఎవరో కనిపెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పాడుచేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెడితే అంతవరకు మీరు నన్ను తెలివైనవాడనుకుని చదువుతారు. అప్పుడు లెక్క తప్పుతుంది.

సూరత్‌లో మన నేతవాళ్ళ పిల్లలు ఇప్పుడు మగ్గాల వైపు పోకుండా గ్యారేజీల్లో, ఫోన్ల దుకాణాల్లో చేరుతున్నారు. వాళ్ళలో ఎవరైనా దీన్ని చదివితే ఒక్క విషయం గమనించాలి. ఈ పదకొండు రోజుల్లో నేను వేసిన లెక్కల్లో ఒక్క తప్పూ లేదు. నా పాత నోటుబుక్కు ఇప్పటికీ ఉంది, మళ్ళీ వేసి చూశాను. లెక్కలన్నీ సరిపోయాయి. మనిషే సరిపోలేదు.

నేను చదివింది ఏడో తరగతి. జగిత్యాల వైపు నుంచి వచ్చి సూరత్ పక్కన జోల్వాలో పవర్‌లూమ్ షెడ్డులో పద్నాలుగేళ్ళు పనిచేశాను. మగ్గం నిమిషానికి ఎన్ని పోట్లు వేస్తుంది, బెల్టు తిరిగే పుల్లీ ఒక అంగుళం తగ్గిస్తే ఎన్ని పెరుగుతాయి, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే గోడమీద సుద్దముక్కతో వేసుకుని నేర్చుకున్నాను. ఆ పద్నాలుగేళ్ళలో మగ్గాల మోతకి ఎడమ చెవి పోయింది. కుడి చెవి గురించి డాక్టర్, "ఇంకా ఉంది, ఆ షెడ్డులోకి మళ్ళీ పోతే ఇదీ ఉండదు" అన్నాడు.

సూరత్‌లో భేస్తాన్ అనే పేటలో మా వైపు ఆయనే ఒకాయన గ్యారేజీ నడుపుతున్నాడు. నలభై ఏళ్ళు లారీలు విప్పిన చెయ్యి. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన గ్యారేజీలో గాలి కంప్రెషర్‌కి నెలకో బెల్టు తెగేది. ఒకరోజు ఊరి మనిషి కదా అని పలకరించడానికి పోయి, దారంతో రెండు పుల్లీల చుట్టుకొలతా తీసి, మోటారు పుల్లీ పెద్దదైందని చెప్పాను. ఆయన నవ్వాడు. కానీ మార్చాడు. ఆ తర్వాత ఏడాదిన్నర బెల్టు తెగలేదు. అలా నేను మగ్గం వదిలి గ్యారేజీలో పడ్డాను. ఉస్తాద్ నన్ను 'లెక్కల సారు' అనేవాడు. సారు అనే మాటలో గౌరవం ఉంటుందని మీరనుకుంటే, ఆయన నోట అది విని ఉండరు.

మాకు ఒక ఖాతాదారు ఉండేది. అరవై దాటిన గుజరాతీ ఆవిడ, చీరల వ్యాపారం. ఎనిమిది టెంపోలు ఆవిడవి మా దగ్గరికే వచ్చేవి. అందరం ఆవిడని బెన్ అనేవాళ్ళం, అంటే అక్కయ్య. ఆవిడకి ఒకే ఒక్క చెడు అలవాటు, వేగం. పన్నెండేళ్ళ పాత జర్మనీ కారు కొని, దాన్ని తానే నడుపుతూ నవ్‌సారి రోడ్డు మీద అందరినీ దాటుకుంటూ పోయేది. ఆ కారులో సూపర్‌ఛార్జర్ ఉంది.

తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. మామూలు ఇంజన్ తనకి పట్టినంత గాలి పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ బెల్టుతో తిరిగే ఒక పంపు. అది ఇంజన్‌లోకి గాలిని కుక్కుతుంది. పెళ్ళి బంతిలో వద్దు వద్దంటున్నా ఇంకో రెండు గరిటెలు వేసి, తినేదాకా నెత్తిమీద నిలబడే మేనత్త ఉంటుంది చూడండి, అదన్నమాట. గాలి ఎక్కువ పడితే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండి దూకుతుంది.

ఆ ఏడు దసరాకి ముందు బెన్ కారు సర్వీసుకి ఇచ్చింది. సర్వీసు చేసింది నేను. పండుగనాడు పని పూర్తయి కారు గ్యారేజీలోనే ఉంది. సూరత్ అంతా పండుగ తిండి ఫాఫ్డా జిలేబీల కోసం వరసల్లో నిలబడితే, మేం పానాలకీ జాకీలకీ కుంకుమ బొట్లు పెడుతున్నాం. ఉస్తాద్ భార్య, మా వదిన, పసుపు పళ్ళెం పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక కంకణాలు కట్టుకుంటూ పోయాను. తొమ్మిది పోగులు, పసుపు రాసి, మధ్యలో పసుపు కొమ్ము. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆగి ఉన్న మగ్గానికి కంకణం కట్టరు. మగ్గం ఆడుతుండగానే, ఆడే చేతికి, అంటే దాని కదిలే కర్రకి, కట్టాలి. ఆగినదానికి కడితే శవానికి కట్టినట్టని మా నాన్న అనేవాడు. అందుకని ప్రతి బండినీ స్టార్ట్ చేసి, ఇంజన్ తిరుగుతుండగానే కట్టాను. జర్మనీ కారు బానెట్ ఎత్తితే అంతా ప్లాస్టిక్ మూతలే. కట్టడానికి ఆధారం లేదు. వెనకవైపు ఒక సన్నటి కడ్డీ, దాని పక్కనే ఒక ఇనుప పట్టీ కనిపించాయి. రెంటినీ కలిపి కట్టి, నేతగాళ్ళ ముడి వేశాను. ఆ ముడి జారదు.

మర్నాడు బుధవారం బెన్ కారు తీసుకుపోయింది. గురువారం పొద్దున తిరిగి వచ్చింది. ఆవిడ హిందీలో, కోపం వస్తే గుజరాతీలో మాట్లాడేది. నేను తెలుగులో రాస్తున్నాను.

"నిన్న నన్ను పాల టెంపో దాటింది" అంది.

ఉస్తాద్ ఏదో అనబోయాడు.

"పాల టెంపో! డ్రైవరు నాకు నమస్తే కూడా పెట్టాడు. నా కారు మీకిచ్చినప్పుడు గుర్రం. ఇప్పుడు ఎద్దు. ఎద్దయినా పొడుస్తుంది, ఇది అదీ చెయ్యదు."

స్టార్ట్ చేస్తే ఇంజన్ మామూలుగానే తిరుగుతోంది. పొగ లేదు, చప్పుడు లేదు. రోడ్డు మీద పెడల్ తొక్కితే మాత్రం, ఎవరో పిలిస్తే ఆలోచించి లేచే మనిషిలా కదులుతోంది. ప్లగ్గులు మార్చాం, గాలి ఫిల్టర్ మార్చాం. ఆవిడ తీసుకుపోయింది. ఆదివారం గడిచి సోమవారం మళ్ళీ తెచ్చింది.

"ఈసారి స్కూలు బస్సు" అంది. "పిల్లలు కిటికీలోంచి టాటా చెప్పారు."

ఆవిడ వెళ్ళాక ఉస్తాద్ నా దగ్గరికి వచ్చాడు.

"సర్వీసు ఎవరు జేసిన్రు?"

"నేనే ఉస్తాద్."

"నీ చేతికి రాకముందు మంచిగుండె. నీ చేతికొచ్చినంక గిట్లైంది. దీంట్ల లెక్క ఏమన్న ఉన్నదా, లేకుంటె ఉట్టిగనే సమజైతదా?"

"శనివారం లోపల పట్టుకుంట."

"పట్టుకో. పట్టుకోకుంటె బెన్ ఎనిమిది టెంపోలు గూడ తీస్కపోతది. అప్పుడు నీకు పని ఈడ ఉండదు. జోల్వాల షెడ్డు మేస్త్రి నా దోస్తే. సోమారం నుంచి మగ్గం కాడ నిలబెడ్తడు."

"ఉస్తాద్, నా చెవి..."

"చెవి ఉండి ఏం జేస్తున్నవ్? నేను చెప్పింది ఇంటున్నవా?"

ఆయన అన్నాడంటే చేసేవాడు. అంతకుముందు ఒక వెల్డరుని అలాగే పంపించాడు. ఆరోజు నుంచి నాకు కారు శబ్దం కంటే మగ్గాల శబ్దమే ఎక్కువగా వినిపించడం మొదలైంది, అదీ పోయిన ఎడమ చెవిలో.

మా దగ్గర వైరింగ్ పని చేసే అతనొకడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. ఒక వాక్యం మూడు భాషల్లో పూర్తిచేసేవాడు. కంప్యూటర్ స్కానర్ తగిలించి, "కాకా, హవా కమ్ ఆ రహీ హై. గాలి తక్కువొస్తుంది. సెన్సార్ ఖరాబ్, లిఖ్ లో, రాసుకో" అన్నాడు. సెన్సార్ మార్చి చూశాడు. గాలి అంతే తక్కువ.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. పంపు నెమ్మదిగా తిరుగుతోందా? ఇంజన్ పుల్లీ నూట యాభై మిల్లీమీటర్లు, పంపు పుల్లీ డెబ్బై. ఇంజన్ రెండువేల చుట్లు తిరిగితే పంపు నాలుగువేల రెండు వందల ఎనభై అయిదు తిరగాలి. జోల్వా షెడ్డు నుంచి చుట్లు లెక్కపెట్టే మీటరు అరువు తెచ్చి చూశాను. నాలుగువేల రెండు వందల డెబ్బై. పదిహేను చుట్ల జారుడు, లెక్కలోకి రాదు. అయినా బెల్టు మార్చాం. తేడా లేదు.

అయితే పంపు ఎంత గట్టిగా నెడుతోంది? దానికి ప్రెషర్ మీటరు కావాలి. మా లారీ మీటర్లు ఇంత చిన్న ఒత్తిడికి ముల్లు కదపవు. కారు పుస్తకంలో రాసిన ఒత్తిడిని పాదరసంలోకి మారిస్తే రెండు వందల తొంభై వచ్చింది. మూడు వందల దాకా పాదరసం లెక్క చూపించే మీటరు ఎక్కడుంటుందో నాకు తెలుసు. లింబాయత్‌లో మా గల్లీలో క్లినిక్ ఉంది. కాంపౌండరు మా వైపువాడే.

"బీపీ మిషన్ ఒక్క పూటకు కావాలె" అన్నాను.

"ఎవరికి?"

"పేషెంటుకి."

"వయసెంత?"

"పన్నెండు."

"పన్నెండేండ్లకు బీపీ ఏంది?"

"బరువు జర ఎక్కువ."

"ఎంతుంటడు?"

"పదహారు క్వింటాళ్ళు."

పేషెంటు కారు అని చెప్పక తప్పలేదు. అతను, "ముందు నీ చెయ్యి పెట్టు" అన్నాడు. నాది నూట యాభై ఆరు వచ్చింది. "కారు సంగతి తర్వాత, ఉప్పు తగ్గించు" అని చెప్పి డయల్ ఇచ్చాడు.

ఇంజన్ దగ్గర ఒక గొట్టానికి దాన్ని తగిలించి, రబ్బరు ట్యూబుని కిటికీలోంచి లోపలికి తెచ్చుకున్నాను. బండి నెమ్మదిగా పోతున్నంతసేపు ట్యూబు వేళ్ళతో నొక్కిపట్టాలి, లేకపోతే ఇంజన్ పీల్పుకి డయల్ పాడవుతుంది. ఉస్తాద్ పెడల్ అడుగుదాకా తొక్కగానే వదిలాను. ముల్లు లేచింది. ఎనిమిది దగ్గర ఆగింది.

"కాకా, ఎనిమిది అంటే పేషెంట్ ఆఫ్" అన్నాడు వెనక సీట్లోంచి వైరింగ్ అతను.

ఆ రాత్రి భోజనం మానేసి లెక్క వేశాను. పంపు సరిగ్గా తిరుగుతోంది. గాలి నెట్టడం లేదు. ఇంజన్‌కి అందాల్సిన గాలిలో ఇరవై ఆరు పాయింట్ తొమ్మిది శాతం తక్కువ. తిరుగుతున్నా నెట్టడం లేదంటే లోపలి రెక్కలు అరిగిపోయాయి. ఇంకో దారి లేదు. బుధవారం బెన్ వచ్చినప్పుడు, ఉస్తాద్‌ని దాటి ముందుకెళ్ళి మరీ చెప్పాను.

"బెన్, మీ పంపు ఇరవై ఏడు శాతం అరిగిపోయింది."

"ఇరవై ఏడు? ఇరవై ఆరు కాదా?"

"ఇరవై ఆరు పాయింట్ తొమ్మిది. దగ్గరి అంకెకి మార్చాను."

ఆవిడ ఉస్తాద్ వైపు తిరిగి, "ఈయన్ని నా పన్ను లెక్కలు రాసే ఆఫీసుకి పంపండి" అంది. తర్వాత నవ్వు ఆపి, "కొత్త పంపు ఎంత?" అని అడిగింది. చెప్పాం. ఆవిడ మొహంలో మొదటిసారి వేగం తగ్గింది. "శనివారం దాకా కారు ఇక్కడే ఉంచుతాను. పంపు విప్పి, ఆ అరుగుదల నా కళ్ళకి చూపించండి. చూపించకపోతే కారూ, టెంపోలూ వేరేచోటికి పోతాయి."

పంపు విప్పే పనిముట్లు వేరే గ్యారేజీలో ఇరుక్కుపోయి ఆ పని శనివారానికి పడింది. ఆ రెండు రోజులూ పొద్దున గ్యారేజీకి రాగానే బానెట్ ఎత్తి, లోపలి కంకణాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకునేవాడిని. నన్ను జోల్వాకి పంపొద్దని దాన్నే మొక్కుకున్నాను. సూరత్ దుమ్ముకీ ఆయిలుకీ అది నల్లబడింది. పసుపు కొమ్ము ఎప్పుడో రాలిపోయింది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

శనివారం పదకొండు గంటలకి ఉస్తాద్ పానా పట్టుకున్నాడు. నేనూ వైరింగ్ అతనూ చెరోపక్క నిలబడ్డాం. వదిన చాయ్ తెచ్చింది. గ్లాసులు పెట్టి, బానెట్‌లోకి తొంగి చూసింది.

"ఓ మరిదీ, కంకణం ఇంక రాలలేదా?"

"లేదు వదినా, గట్టిగ కట్టిన."

"మా ఊర్ల మగ్గానికి కడితె మూడొద్దులకు తెగుతుండె. ఆడే చెయ్యి గద, ఒరుసుకొని ఒరుసుకొని తెగేది. పదకొండొద్దులైంది, ఇది ఉన్నది ఉన్నట్టే ఉన్నది. ఏం దారం కట్టినవ్?"

"జోల్వా దారం. పాలిస్టర్."

"పాలిస్టరైతె మాత్రం? ఆడితె ఒరుసుకోదా?"

చాయ్ గ్లాసు నా చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టడం గుర్తులేదు.

ఆడే చెయ్యి. నేను ఆడే చేతికి కట్టాను. పదకొండు రోజులుగా అది ఒరుసుకోలేదు. ఒరుసుకోలేదంటే ఆడలేదు.

కారు పుస్తకంలో ఆ పేజీ నేను చదివాను. పంపుకి ఒక దొడ్డిదారి ఉంటుంది. బండి నింపాదిగా ఉన్నప్పుడు ఒక కడ్డీ కదిలి చిన్న తలుపు తెరుస్తుంది. పంపు నెట్టిన గాలి తిరిగి పంపు నోటికే పోతుంది. పెడల్ గట్టిగా తొక్కితే కడ్డీ వెనక్కి జరిగి తలుపు మూసుకుంటుంది, గాలంతా ఇంజన్‌లోకి పోతుంది. ఇంజన్ ఆపినప్పుడు కూడా తలుపు మూసుకునే ఉంటుంది. ఆ పేజీలో అంకెలు లేవు. అందుకని దాటేశాను. నేను ఇంజన్ నింపాదిగా తిరుగుతుండగా, తలుపు తెరిచి ఉండగా, ఆ కడ్డీని పట్టీకి కట్టేశాను. మేనత్త వడ్డిస్తూనే ఉంది. వడ్డించిందంతా తిరిగి గిన్నెలోకే పోతోంది.

అందరిలా ఇంజన్ ఆపి కట్టి ఉంటే తలుపు మూసి ఉన్నప్పుడే బిగిసేది. బెన్ అందరినీ దాటుకుంటూ పోతూనే ఉండేది. ఊర్లోలా నూలు దారం కట్టి ఉంటే మూడోరోజుకి దానంతటదే తెగిపోయేది. పద్ధతి పాటించాను, సూరత్ దారం వాడాను. ఈ రెండూ కలిస్తేనే కారు ఎద్దవుతుంది.

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం ఎవరికీ తెలియకుండా ఆ దారం మాయం చేయాలన్న ఒక్కటే ఆలోచన. ముందు వదినని పంపించాలి.

"వదినా, చాయ్‌ల చక్కెర తక్కువైంది."

"నీకు బీపీ గద, చాలు."

"బీపీకి చక్కెర కాదు, ఉప్పు తగ్గించాలె."

"రెండూ తగ్గించు. పోయేదేమున్నది?" అని ఆవిడ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది.

వైరింగ్ అతనితో, "తమ్మీ, బయట ఎవరో పిలుస్తున్నరు" అన్నాను.

"కాకా, నీకు వినబడిందా?" అని అతను నా చెవి వైపు చూశాడు. "నీకు వినబడిందంటే మొత్తం భేస్తాన్‌కు వినబడాలి."

ఉస్తాద్ మొదటి బోల్టు మీద పానా పెట్టాడు. ఇంక టైము లేదు.

"ఉస్తాద్, ఒక్క నిమిషం. కంకణం అడ్డమొస్తది. జర పక్కకు జరుపుత."

వదిన స్టూలు మీంచి లేచింది. "కోస్తవా ఏంది? కట్టిన చేత్తోనే కోస్తవా? దానంతట అది రాలాలె."

"కొయ్య, వదినా. జరుపుత అంతే."

కొయ్యకుండా జరపడం ఎలా? ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు, వేసిన నా తరమూ కాదు. కానీ కడ్డీ చివర ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో దాన్ని తప్పించి, కడ్డీని దారంలోంచి సూదిలా వెనక్కి లాగి, మళ్ళీ క్లిప్పులో పెట్టాను. కంకణం చెక్కుచెదరకుండా ఇనుప పట్టీకి మిగిలింది. కడ్డీకి స్వేచ్ఛ వచ్చింది. వెంటనే 'టక్' మని వెనక్కి జరిగి తలుపు మూసుకుంది.

ఆ టక్ నా కుడి చెవికే వినిపించింది. ఉస్తాద్‌కి రెండు చెవులూ ఉన్నాయి.

ఆయన కడ్డీ వైపు చూశాడు. కంకణం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నలభై ఏళ్ళు ఇంజన్లు విప్పినవాడికి చెప్పేదేమీ ఉండదు. పానా మెల్లగా కింద పెట్టాడు.

"బోల్టు విప్పవా?" అంది వదిన.

"అక్కెర లేదు" అన్నాడు. "బెన్‌కు ఫోన్ చెయ్యున్రి."

బెన్ వచ్చింది. ఆవిడే స్టీరింగ్ పట్టింది, పక్కన ఉస్తాద్, వెనక నేను బీపీ డయల్‌తో. నవ్‌సారి రోడ్డు ఎక్కగానే ఆవిడ పెడల్ తొక్కింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ట్యూబు వదిలాను. ముల్లు రెండు వందల ఎనభై ఎనిమిది దగ్గర నిలబడింది. ముందు పాల టెంపో కనిపించింది, ఆరోజుదేనో కాదో తెలియదు. బెన్ హారన్ కొట్టి, దాన్ని దాటుతూ డ్రైవరుకి నమస్తే పెట్టింది.

కొంతదూరం పోయాక అడిగింది. "పంపు మార్చారా?"

ఉస్తాద్ రోడ్డు వైపు చూస్తూ, "బాగుచేసినం బెన్. లోపల అరుగుదల ఉండె. మావాడు చెప్పిన లెక్కే" అన్నాడు.

ఆయన నన్ను కాపాడుతున్నాడని నాకు అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు. నా ఇరవై ఏడు నిజమైపోతుంది, గ్యారేజీ పరువు నిలుస్తుంది, టెంపోలు ఉంటాయి, నా చెవి ఉంటుంది. అర కిలోమీటరు దాకా ఓర్చుకున్నాను. కానీ తప్పు అంకె ఒకటి కారులో మా ముగ్గురితో పాటు కూర్చుని, మర్యాద అందుకుంటోంది. నావల్ల కాలేదు.

"కాదు బెన్" అన్నాను వెనకనుంచి. "ఇరవై ఏడు తప్పు. అరుగుదల సున్నా."

బెన్ బండి పక్కకి తీసి ఆపింది. ఉస్తాద్ కళ్ళు మూసుకున్నాడు.

మొత్తం చెప్పాను. కంకణం, ఆడే చెయ్యి, పాలిస్టర్ దారం, దొడ్డిదారి, అంకెలు లేని పేజీ.

"అంటే నువ్వే కట్టావు, నువ్వే విప్పావు" అంది.

"విప్పలేదు. జరిపాను."

"మధ్యలో ప్లగ్గులు మార్చారు, సెన్సార్ మార్చారు, బెల్టు మార్చారు. నా బండి అరిగిపోయిందన్నారు. నేను స్కూలు పిల్లలతో టాటా చెప్పించుకున్నాను."

"అవును."

ఆవిడ మళ్ళీ బండి తీసింది. మమ్మల్ని గ్యారేజీ దగ్గర దించి, కారుతో సహా వెళ్ళిపోయింది. ఉస్తాద్ లోపలికి పోయి, చల్లారిన నా చాయ్ పారబోసి, గ్లాసు కడిగి బోర్లించాడు.  తిట్టినా బాగుండేది.

ఆదివారం ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ జరిగింది విని, "చెవిలో పెట్టుకునేటందుకు దూది కొని ఉంచాల్నా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. చూద్దాం అన్నాను.

సోమవారం ఎటు పోవాలో తెలియలేదు. జోల్వా వైపు పోయే షేర్ ఆటో దగ్గర నిలబడి, రెండు ఆటోలు వదిలేసి, చివరికి భేస్తాన్ ఆటో ఎక్కాను. గ్యారేజీలో ఉస్తాద్ నన్ను చూసి చూడనట్టు ఒక జీపు కింద దూరాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను షట్టర్ పక్కన నిలబడ్డాను.

పదకొండింటికి బెన్‌వాళ్ళ టెంపో ఒకటి వచ్చి ఆగింది. దాంట్లోంచి బెన్ కొడుకు దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ తల్లి వెనకే నిలబడేవాడు. టెంపోకి క్లచ్ చూడాలన్నాడు. అది సాకు అని తెలుస్తూనే ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, హిందీలో అడిగాడు.

"ఆ దారం కట్టింది మీలో ఎవరు?"

వైరింగ్ అతని వేలు నా వైపు తిరిగింది. ఉస్తాద్ జీపు కిందనుంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. నేను "నేనే" అన్నాను.

"ఆ పదకొండు రోజుల్లో అమ్మ ఎప్పుడు నడిపినా బండి పరిగెత్తలేదు" అన్నాడు. "ఇంట్లో అందరం హాయిగా నిద్రపోయాం. నా భార్య గుడిలో కొబ్బరికాయ కొట్టింది. శనివారం నుంచి మళ్ళీ మొదలైంది. అమ్మకి తెలియకుండా, ఆ దారం మళ్ళీ అదే చోట కట్టడం కుదురుతుందా?"

అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి నాకు తెలిసింది చెప్పాను.

"పండుగనాడే కట్టాలి. ఇంకా మూడు వందల నలభై ఒక్క రోజులుంది."

ఆయన నిట్టూర్చి, ఉస్తాద్ వైపు తిరిగాడు. "అప్పటికి ఈయన ఇక్కడే ఉంటాడా?"

ఉస్తాద్ చేతుల నూనె గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"యాడికి పోతడు? ఈడనే ఉంటడు" అన్నాడు. "కాకుంటె ఇగ నుంచి కంకణం బంపరుకు కడ్తడు."

అదే మాట బెన్ కొడుక్కి అర్థం కావడానికి రెండోసారి హిందీలో చెప్పాడు. మొదటిసారి చెప్పింది నాకు.